గేటుకు ఇవతల అంబలి

కురుపాంలో థీమ్ పార్కు లేదు. టికెట్టు కోసం వరస కట్టే గేటూ లేదు, గేటు లోపల ఫుడ్ కోర్టూ లేదు. అయినా వినోదానికి వెళ్లిన చోట పొద్దుటి టిఫిను ఎక్కడ చెయ్యాలన్న ప్రశ్న పట్టుకుని నేను వచ్చింది ఇక్కడికే. పార్కుకు బయల్దేరిన ప్రతి కుటుంబానికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. దిగిన హోటల్లోనే తినేసి వెళ్లాలా, దారిలో ఎక్కడైనా ఆగాలా, లోపలికి వెళ్లాక చూసుకోవాలా? హైదరాబాదు దగ్గరి రామోజీ ఫిల్మ్‌సిటీకి వెళ్లేవాళ్లు దీన్ని గడియారం చూసి, పర్సు చూసి తేల్చుకుంటారు. అక్కడికి ఆ లెక్క చాలు. అక్కడున్నవి సినిమాల కోసం వేసిన వీధులు. ఏ ఊరి బతుకునూ చూపిస్తామని అవి మాటివ్వవు. ఆ వీధుల్లో ఇడ్లీ తిన్నా నూడుల్స్ తిన్నా ఒకటే. అరకు లాంటి చోట అలా కాదు. అక్కడ టికెట్టు తెగేది కొండను, కొండ మనుషులను చూపిస్తామన్న మాట మీద. ఆ మాట నమ్మి వెళ్లినవాళ్లు గేటు లోపల కాకుండా గేటుకు ఇవతల, కొండ తినే తిండితో రోజు మొదలుపెట్టాలన్నది నా వాదన. ఆ తిండి ఏమిటో తెలియాలంటే పర్యాటకుల కోసం ముస్తాబు కాని ఊరొకటి చూడాలి. కురుపాం అలాంటి ఊరు.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఇదొక మండల కేంద్రం, ఒకప్పటి జమీందారీ ఊరు. చుట్టూ కొండల్లో సవరలు, జాతాపులు. ఊళ్లో పొద్దుట దొరికేది ఉత్తరాంధ్ర అంతటా దొరికేదే: ఇడ్లీ, పూరీ, ఉప్మా, టీ. కొండ మీది పొద్దుటి తిండి వేరు. అది చోడి అంబలి. రాగుల్ని ఈ వైపు చోళ్లంటారు. చోడిపిండిని ముందురోజే నీళ్లలో కలిపి పులవనిచ్చి, మర్నాడు మరిగే ఎసట్లో పోసి, నూకలు వేసి ఉడికిస్తారు. చల్లారాక ఉప్పు కలుపుకుని, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో కొరుక్కుంటూ తాగుతారు. పోడు సేద్యానికి వెళ్లేవాళ్లు దాన్ని ఎండిన ఆనపబుర్రలో పోసుకుని వెంట తీసుకెళ్లడం పాత అలవాటు. కొండెక్కి ఎండలో వంగి పనిచేసేవాళ్లకు ఆకలీ దాహమూ ఒకేసారి వేస్తాయి; రెండిటినీ ఒక్క బుర్ర తీరుస్తుంది. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. ఈ అంకెలు తెలియక ముందే ఇక్కడివాళ్లు తమ నేలకూ తమ ఒంటికీ ఏది సరిపోతుందో తేల్చుకున్నారు. మైదానంలో పులిసిన గంజి పోసుకునే తరవాణి కుండ ఎలా మూలపడిందో, కొండ మీద అంబలి కుండ కూడా అలాగే పక్కకు జరుగుతోంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి రేషన్ డిపో బియ్యం పేద ఇంటి పొయ్యిని నిలబెట్టింది. అది చిన్న మేలేమీ కాదు. కాని ఆ మేలుతో పాటే చోళ్లకు పళ్లెంలో చోటు తగ్గింది.

అరకు ఇక్కడికి నైరుతిగా, ఇవే తూర్పు కనుమల్లో ఉంది. జిల్లా వేరు, అది అల్లూరి సీతారామరాజు జిల్లా. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వేరు, అక్కడ పాడేరు, ఇక్కడ పార్వతీపురం. తెగలూ చాలావరకు వేరు. చోళ్లు మాత్రం రెండు చోట్లా అవే. అరకు లోయలో పర్యాటకులు తప్పకుండా చూసేవి రెండు: పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం. పద్మాపురం తోట చరిత్ర నా వాదనకు గట్టి సాక్ష్యం. ఇవాళ పిల్లలు టాయ్ ట్రైన్ ఎక్కి, చెట్ల మీది గుడిసెలు చూసి మురిసిపోయే ఆ తోట 1942లో మొదలైంది వినోదానికి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించి పంపడానికి. అంటే ఆ నేల అన్నం పెట్టడానికి ఏర్పడి, తర్వాత చూడటానికి మిగిలింది. మ్యూజియంలో గిరిజనుల పనిముట్లు, నగలు, నిత్యజీవితాన్ని చూపే బొమ్మలు ఉంటాయి. మంచి ప్రయత్నమే, చూడవలసిందే. అయితే చూడటానికి ఒక హద్దుంది. బొమ్మ ముందు నిలబడినవాడు ఎంత శ్రద్ధగా చూసినా బయటివాడిగానే ఉంటాడు. తినేటప్పుడు అలా ఉండటం కుదరదు. పులుపు నాలుకకు తగులుతుంది, నచ్చుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది, వండిన మనిషి ఎదురుగా ఉంటుంది. పర్యటన మొత్తంలో కొండ బతుకులోకి ఒక్క అడుగైనా వేయనిచ్చేది ఈ పొద్దుటి పావుగంటే. దాన్ని విశాఖపట్నంలో తినే అదే ఇడ్లీకి ఇచ్చేయడం నాకు బాధగా తోస్తుంది.

డబ్బు సంగతి కూడా ఇందులోనే ఉంది. టికెట్టు సొమ్ము ఎన్నో చేతులు మారి కొండకు తిరిగి వస్తుంది, వస్తే. రోడ్డు పక్క టిఫిను పాక ముందు ఇచ్చిన నోటు నేరుగా వండిన చేతికి వెళ్తుంది. అంబలి అయితే ఇంకాస్త ముందుకు, చోళ్లు పండించిన చేనుదాకా వెళ్లే వీలుంది. 2024–25లో క్వింటాలు చోళ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 4,290 రూపాయలు. సాధారణ రకం వరికి 2,300. కాగితం మీద ధర ఉంది, ఊళ్లో కొనేవాళ్లు కావాలి. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడిపిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందీ ఆ ఏడాదినే. బడిలో పిల్లలకు మంచిదైన జావ పార్కుకు వచ్చిన పిల్లలకు పనికిరాకుండా పోదు. అరకు కాఫీ 2017లో పారిస్ నగరంలో దుకాణం తెరుచుకుంది, 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. అదే కొండ మీది అంబలి మాత్రం ఇంకా రోడ్డు దాటి పార్కు గేటు దగ్గరికి రాలేకపోతోంది. అడిగేవాళ్లు లేకపోవడమే అందుకు పెద్ద కారణమని నేను అనుకుంటాను.

పిల్లలతో వెళ్లేవాళ్లు వెంటనే ఒక మాట అంటారు: తెలియని చోట, అలవాటు లేని తిండి తిని కడుపు చెడితే రోజంతా పోతుంది. ఇది సరైన భయమే. అయితే ప్రమాదం ఉండేది నీళ్లలోను, దించి గంటలు గడిచిన తిండిలోను. కుండ ఎవరిదన్న దానిలో కాదు. పార్కు క్యాంటీనులో పొద్దుటి చట్నీ పదకొండింటికి వడ్డించినా అదే ప్రమాదం. పొయ్యి మీంచి దించిన వేడి జావ తాగి, కాచని నీళ్లు కలిపిన చల్లని అంబలిని వదిలేస్తే భయం చాలావరకు తీరుతుంది. పసివాళ్లకు అదే పాకలో వేడి ఇడ్లీ పెట్టించవచ్చు; అడ్డాకు విస్తరి దొరికితే ఇంకా మేలు. పెద్దవాళ్లు గిన్నెడు అంబలి తాగితే చాలు. ఇక గేటు తెరిచీ తెరవగానే లోపలికి పోకపోతే రద్దీలో చిక్కుకుంటామనడం రోలర్ కోస్టర్లున్న చోటి మాట. చలికాలం అరకులో పొద్దున్నే తొందరపడి లోపలికి వెళ్తే కనిపించేది మంచే.

దీనికంటే బరువైన అభ్యంతరం ఒకటుంది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. కొండవాళ్లే ఇడ్లీకి, అన్నానికి మారుతుంటే, మన సరదా కోసం వాళ్లు అంబలి దగ్గరే ఆగిపోవాలా? ఈ ప్రశ్న వెనక ఒక చేదు చరిత్ర ఉంది. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన ఏడాదే అందులో ఆంట్ జెమైమా పేరుతో పాన్‌కేకుల హోటల్ వెలిసింది. పాన్‌కేకు అక్కడివాళ్ల పొద్దుటి టిఫిను. ఆంట్ జెమైమా అన్నది పిండి పొట్లం మీద అచ్చేసిన బొమ్మ, బానిసత్వపు రోజులను తియ్యగా గుర్తుచేసే నల్లజాతి వంటమనిషి రూపం. ఆ వేషం కట్టిన స్త్రీ నవ్వుతూ అతిథులను పలకరించేది. ఒక జాతి అనుభవించిన దుఃఖం అక్కడ టిఫిను పక్కన అలంకారమైంది. ఆ పేరును వదులుకుంటున్నామని కంపెనీ ప్రకటించడానికి 2020 దాకా పట్టింది. రేపు ఏదో రిసార్టు ధింసా నాట్యపు చీర కట్టించి, నెత్తిన పూలు పెట్టించి, జీతం మీద నిలబెట్టిన అమ్మాయి చేత అంబలి పోయిస్తే, అక్కడ ఇడ్లీయే తినమని చెప్తాను.

నేను అడుగుతున్నది మరొకటి. కుండ ఎవరిది? ధర ఎవరు చెప్తారు? ఇష్టం లేనినాడు పాక మూసుకునే హక్కు వండే ఆమెకుందా? ఈ మూడింటికీ జవాబు ఆ మనిషి దగ్గరే ఉంటే అది వేషం కాదు, వ్యాపారం. సొంత కుండ పెట్టుకున్న మనిషి అంబలితో పాటు పూరీ కూడా వేయవచ్చు, రేపు అంబలి మానేయనూవచ్చు. బొంగు చికెన్‌ను తలుచుకుని కొందరు నిరుత్సాహపడతారు. కొండవాళ్ల వంటగా పేరు తెచ్చుకుని, అది మైదానపు హోటళ్ల మెనూలోకీ ఎక్కేసింది, ఇప్పుడు దాని మీద కొండకు మిగిలింది పేరే. ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఒక్క తేడా మాత్రం చెప్పగలను. మాంసం అమ్మితే పెద్ద లాభం, అందుకే పెట్టుబడి ఉన్నవాళ్లు దాని వెంట పడ్డారు. గిన్నెడు అంబలి మీద వచ్చేది పది, ఇరవై రూపాయల బేరం. పాక నడిపే మనిషికి అది రోజు గడిపిస్తుంది గాని పెద్ద హోటలువాళ్లను ఆశపెట్టదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి కొండ తేనెను, చింతపండును కొని అమ్ముతోంది. పార్కు గేట్ల దగ్గర కొండ ఆడవాళ్లకు పొయ్యి పెట్టుకునే చోటు, కాచిన నీళ్ల వసతి కల్పించడం ప్రభుత్వానికి అంతకంటే కష్టమైన పనేమీ కాదు.

విశాఖ నుంచి కిరండోల్ ప్యాసింజరు ఎక్కినవాళ్లకు ఈ ఎంపిక ఇంకా తేలిక. బండి పొద్దున్న ఏడు గంటల ప్రాంతంలో బయల్దేరి, సొరంగాలన్నీ దాటుకుని పదకొండు గంటల ప్రాంతానికి అరకులో దింపుతుంది. దారిలో ఒక టీ, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుని, దిగాక పద్మాపురం గేటు దాకా వెళ్లి, టికెట్టు కొనకముందు రోడ్డు పక్క పాకలో అంబలి ఉందా అని అడగాలి. ఇటు కురుపాం కొండల్లో తెల్లారకముందే పోడుకు ఎక్కినవాళ్లు పని ఆపి, నీడకు చేరి బుర్ర మూత తీసేదీ ఇంచుమించు ఆ వేళకే.