భోగాపురం దారిలో గాలి మాట

శ్రీకాకుళంలో జుహర్ నమాజు ముగించుకొని మేము విశాఖ బస్సు ఎక్కాము. మా విద్యార్థి ఒకరి నానమ్మగారు కుమారునితో కలిసి మొదటిసారి ఉమ్రాకు వెళుతున్నారు. వారిని సాగనంపడానికే మా ప్రయాణం. రణస్థలం దాటి పైడిభీమవరం సమీపించేసరికి ఘాటైన వాసన తగిలింది. అది ఔషధ పరిశ్రమల ప్రాంతం. ఎవరూ చెప్పకుండానే అందరూ కిటికీలు మూశారు. ఆ పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, “విమానంలో ఇలాగైతే ఏం చేయాలి, మౌలానా సాబ్?” అని అడిగారు. మేము నవ్వి ఊరుకోబోయాము. కానీ అది నవ్వవలసిన ప్రశ్న కాదు.

చాలా జెట్ విమానాలలో ఇంజిన్ లోపల ఒత్తిడికి గురైన గాలినే కొంత మళ్ళించి, చల్లబరచి, ప్రయాణీకుల గదిలోకి పంపుతారు. ఇంజిన్ నూనెను ఆపవలసిన సీలు కారితే ఆ నూనె ఆవిరి కూడా అదే దారిన లోనికి రాగలదు. ఆ నూనెలో సాధారణంగా కలిపే ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్‌లో కొన్ని రకాలు నరాలకు హానికరం. మాసిన మేజోళ్ళ కంపు వంటిది వస్తుందని విమాన సిబ్బంది చెబుతారు. ఫిల్టర్లు ధూళిని, క్రిములను పడతాయి గాని ఆవిరిని ఆపవు. తలనొప్పి, కళ్ళమంట, తల తిరగడం కలుగవచ్చు. దీర్ఘకాలిక వ్యాధుల విషయంలో నిపుణుల మధ్య వివాదం ఇంకా తెగలేదు. ఆస్ట్రేలియా సెనేట్ కమిటీ బీఏఈ 146 విమానాలపై విచారణ జరిపి 2000లోనే నివేదిక ఇచ్చింది. బోయింగ్ 787లో మాత్రం గాలిని ఇంజిన్ నుంచి కాక, విద్యుత్ కంప్రెసర్ల ద్వారా బయటి నుంచి తీసుకుంటారు. మనం ఏడాదికి ఒకమారు ఎక్కుతాము. సిబ్బందికి అది నిత్యజీవితం. పైలట్లు అస్వస్థులైతే అందరి ప్రాణాలూ వారి చేతిలోనే కదా!

భోగాపురం వచ్చింది. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం ఇక్కడే. దాని కొరకు మరడపాలెం వంటి గ్రామాలవారు ఇళ్ళు వదులుకున్నారు.

కొన్నేళ్ళ క్రితం జిద్దా నుంచి తిరిగివస్తూ మేమూ అటువంటి వాసన పీల్చాము. సబ్ర్ అనుకొని మౌనం వహించాము. పక్క సీటు యువకుడే సిబ్బందిని పిలిచాడు. హానిని తొలగించడం ఫిఖ్హ్ మూలసూత్రమని ఏటా పాఠం చెప్పే మాకు ఆ వేళ అది గుర్తు రాలేదు!

ఆవిడకు అదంతా చెప్పాము. వాసన వస్తే వెంటనే సిబ్బందికి తెలపండి, సమయం, సీటు నంబరు రాసుకోండి, దిగాక ఒంట్లో బాగాలేకపోతే వైద్యునికి చూపించుకోండి, గుడ్డ అడ్డం పెడితే ఆవిరి ఆగదు అన్నాము.

“వాళ్ళకు తెలుగు వస్తుందా?” అన్నారావిడ. కుమారుడు ఒక చిన్న ఆంగ్ల వాక్యం నేర్పాడు. తగరపువలస వచ్చేవరకు దానినే వల్లిస్తూ కూర్చున్నారు.