బొగ్గుకున్న గ్రేడు గేముకి లేదా?

మన కొత్తగూడెంలో చీరల కొట్టుకి వెళ్తే, జాకెట్టు ముక్క లేని చీరని కొట్టువాడే ముందు చెప్తాడు. "అమ్మా, దీనికి బ్లౌజు రాదు, అందుకే ఈ రేటు" అంటాడు. కావాలంటే తీసుకుంటాం, లేదంటే మడతపెట్టి పక్కన పెట్టేస్తాడు.

మా పిల్లలు దసరాకి చుట్టాలిచ్చిన డబ్బులు పోగేసి, ఆన్‌లైన్‌లో కార్ల రేసు గేమొకటి కొన్నారు. పెద్దాడివి ఎనిమిది వందలు, చిన్నదానివి నాలుగు వందలు. తెలిసినవాళ్లింట్లో టీవీకి తగిలించే గేమ్ డబ్బాలో తెర రెండు సగాలై ఇద్దరూ పక్కపక్కన ఆడటం చూసింది చిన్నది. దాని వాటా అందుకే. తీరా మా కంప్యూటర్‌లో ఎక్కిస్తే ఆ ఒక్కటే లేదు! పేరదే, బొమ్మదే. "కంప్యూటర్ దాంట్ల తీసేసిండ్రటమ్మా" అన్నాడు వాడు. "అయితే నా నాలుగొందలు నాకియ్యి" అంది ఇది.

ఇది మా ఇంట్లోనే జరిగిన వింతేం కాదు. 2021లో ఫిఫా 22 వచ్చినప్పుడు హైపర్‌మోషన్ అని గొప్పగా చెప్పుకున్న కొత్త హంగు పీఎస్5 లాంటి కొత్త యంత్రాలకే ఇచ్చారు, కంప్యూటర్ వెర్షన్‌లో లేదు. నింటెండో స్విచ్‌కి అమ్మినదాంట్లో మాత్రం 'లెగసీ ఎడిషన్' అని పేరులోనే పెట్టారు. పాత గేముకి కొత్త జెర్సీలు, కొత్త జట్లు. అది నయం కదా, పేరు చదివితే అనుమానమైనా వస్తుంది.

అసలు అమ్మొద్దని నేననను. మాలాంటి ఇళ్లలో ఉండేవి పాత కంప్యూటర్లే, అన్ని హంగులూ పెడితే అవి మొరాయిస్తాయి. మా ఆయన సెకండ్ షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటూ సంగతంతా విని, "బొగ్గుకే జీ1 నుంచి జీ17 దాకా గ్రేడులున్నయి. తక్కువ గ్రేడుదీ అమ్ముతరు, దాని రేటు దానిదే" అన్నారు. నాకదే సరిగ్గా అనిపించింది. లేనిదేమిటో ధర పక్కనే రాయాలి, ధరా తగ్గాలి. కింద ఎక్కడో చీమల అక్షరాల్లో కాదు.

వాపసు ఇస్తారుగా అంటారేమో. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే అడగొచ్చు. మావాడు కొన్నది వేరేచోట, అక్కడ కుదరదన్నారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడం సేవాలోపమే. 1915కి ఫోన్ చేస్తానని వాడంటున్నాడు. ఏమేం చెప్పాలో చిన్నది కాగితం మీద రాసిస్తోంది, మొదటి లైన్లోనే తన నాలుగు వందలు!