కుర్చీకి మార్కులు

సెప్టెంబరు 19, 2025

ఢిల్లీ బడా బజార్ మార్గ్‌లో జిరాక్స్ షాపు ముందు నిలబడి కుర్రాళ్లు ఫోన్లలో తీర్పు చదువుతున్నారు. రేపటి కరెంట్ అఫైర్స్ నోట్సులోకి వస్తుంది మరి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త నియమావళికి సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. ముసాయిదా రాసింది మాజీ న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు. ధర్మాసనానికి పెద్ద జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ. మన జిల్లాల్లో గోల్‌పోస్టు ఉన్న మైదానం వెతుక్కోవాలి గానీ, దేశం ఆటకి రూల్‌బుక్ మాత్రం తెలుగువాళ్ల చేతుల మీదుగా తయారైంది.

సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే బృందం 2026 సెప్టెంబరులో గడువు ముగిసేదాకా కొనసాగవచ్చని కూడా కోర్టు చెప్పింది.

సాయంత్రం ఒక విద్యార్థి అడిగాడు: "సార్, ఆయనకి మీరైతే పదికి ఎన్ని వేస్తారు?" పగలంతా సివిల్స్ మెయిన్స్ జవాబులు దిద్దేవాణ్ణి కదా, చటుక్కున చెప్పేస్తానని ఆశ. ప్రశ్న ఏమిటో తేలకుండా మార్కు వేయనన్నాను.

సెప్టెంబరు 23

పాత పేపర్లు తిరగేశాను. చౌబేకి ముందు అధ్యక్షుడు ప్రఫుల్ పటేల్ గడువు 2020 డిసెంబరులోనే అయిపోయింది. ఎన్నికలు జరగలేదు, ఆయన కుర్చీ ఖాళీ కాలేదు. 2022 మేలో సుప్రీంకోర్టు దించి, ముగ్గురితో పాలకుల కమిటీ వేసింది. బయటివాళ్ల జోక్యం ఏమిటంటూ ఆగస్టు 15న ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. కోర్టు ఆ కమిటీని తీసేశాక 26న సస్పెన్షన్ ఎత్తేసింది.

సెప్టెంబరు 2న ఎన్నిక. చౌబే 33, బైచుంగ్ భూటియా 1. 1937లో పుట్టిన సమాఖ్యకి ఆట ఆడినవాడు అధ్యక్షుడు కావడం అదే మొదలు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ గోల్‌కీపర్ ఆయన. బీజేపీ టికెట్ మీద ఎన్నికల్లో నిలబడ్డ మనిషి కూడా. ఓడిన భూటియా దేశానికి ఏళ్ల తరబడి కెప్టెన్.

భూటియా పేరు ప్రతిపాదించింది ఆంధ్ర సంఘానికి చెందిన కొసరాజు గోపాలకృష్ణ. బలపరిచింది రాజస్థాన్ మానవేంద్ర సింగ్. సంతకాలు రెండు, పడ్డ ఓటు ఒకటి. ఈ లెక్క మా గల్లీలోని ఏ కోచింగ్‌లోనూ చెప్పరు. కోశాధికారిగా నిలబడ్డ కొసరాజు 32–1తో ఓడారు.

అక్టోబరు 9

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక లేదు. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుని ఇక్కడికే వచ్చేసింది. 2022 మార్చిలో గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు ఎత్తిన జట్టు. పై అంతస్తులో ఉండే వరంగల్ అబ్బాయి అన్నాడు: "మన టీమ్ కూడా ఢిల్లీకి వలసొచ్చింది సార్. పాపం, పీజీ దొరికిందో లేదో!"

నవ్వాను గానీ మనసు చివుక్కుమంది. క్లబ్బు చేతులు మారడం, ఊరు మారడం యజమానుల వ్యాపారం. అధ్యక్షుడి ఖాతాలో పూర్తిగా వేయలేం. కాకపోతే క్లబ్బులకి లైసెన్సు ఇచ్చేది సమాఖ్యే. ఛాంపియన్ జట్టు మూడున్నరేళ్లకే ఊళ్లో లేకుండా పోతుంటే లైసెన్సులిచ్చే ఆఫీసు ఏం చేస్తున్నట్టు?

అక్టోబరు 14

మళ్లీ అదే ఫతోర్దా. సింగపూర్ 2, మనం 1. మన ఛాంగ్టే ముందుగా గోల్ కొట్టినా నిలబెట్టుకోలేకపోయాం. 2027 ఆసియా కప్ దారి మూసుకుంది. వరసగా రెండుసార్లు, 2019లోనూ 2024లోనూ ఆడిన టోర్నీ అది.

శంకర్ రోడ్డు టీ బండి దగ్గర ఒకటే మాట: అధ్యక్షుడు దిగిపోవాలి. ఒక్కరూ కోచ్ పేరెత్తలేదు. ఓటమికి పెద్ద కుర్చీని తిట్టడంలో ఒక సుఖం ఉంది. మిగతావన్నీ చూడక్కర్లేదు.

అక్టోబరు 17

ర్యాంకుతో అధ్యక్షుణ్ణి తూచేవాళ్ల కోసం ఈ లెక్క. 2015 మార్చిలో భారత్ 173. అంతకంటే దిగువకి ఎప్పుడూ పడలేదు. 2017 జులైలో 96. రెండుసార్లూ అధ్యక్షుడు పటేలే. రెండేళ్లలో ఆయన మేధావి అయిపోయాడా? చౌబే హయాంలోనూ అంతే. 2023 జులైలో 99, ఇప్పుడు 136.

గోల్ కొట్టేది కుర్చీ కాదు. కుర్చీ సంతకాలు పెడుతుంది: కోచ్ నియామకం, లీగ్ ఒప్పందం, క్యాలెండర్, జమాఖర్చులు. సంతకం ఉన్న చోటే మార్కు వేయాలి, కోత పెట్టాలి.

అక్టోబరు 25

కోచ్‌ల పేజీ. ఇగోర్ స్టిమాచ్ కాంట్రాక్టును 2023లో 2026 దాకా పొడిగించారు. 2024 జనవరి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం, ఒక్క గోల్ లేదు. మార్చిలో గువాహతిలో అఫ్గానిస్తాన్ చేతిలో ఓటమి. జూన్‌లో తీసేశారు. పరిహారం 4 లక్షల డాలర్లు. ఏడాది తిరగకుండానే చెరిపేసే సంతకం అంత దీర్ఘంగా ఎందుకు పెట్టినట్టు?

తర్వాత మనోలో మార్కెజ్. హైదరాబాద్‌కి కప్పు తెచ్చిన మనిషే. కానీ ఎఫ్‌సీ గోవా ఉద్యోగం చేస్తూనే దేశానికీ కోచ్‌గా ఉండమన్నారు. పదవిని అలా పార్ట్‌టైమ్ చేసింది సమాఖ్యే. 2025 జులైలో ఆయనా వెళ్లిపోయారు. ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. పదమూడేళ్ల తర్వాత స్వదేశీ కోచ్. ఈ సంతకానికి మాత్రం మార్కు వేస్తాను, ఫలితం ఎలా ఉన్నా.

నవంబరు 7

ఐఎస్‌ఎల్ వాణిజ్య హక్కులకి టెండరు పిలిచారు. ఒక్క బిడ్ కూడా రాలేదు.

ఆ హక్కుల మీద 2010లో రిలయన్స్ గ్రూపుతో పదిహేనేళ్ల ఒప్పందం కుదిరింది. ఇటీవలి ఏళ్లలో సమాఖ్యకి ఏటా 50 కోట్లు వచ్చేవి. గడువు 2025 డిసెంబరు 8 అని అప్పటి నుంచీ తెలుసు. జులైలోనే ఐఎస్‌ఎల్ ఆగిపోయింది. సమాఖ్య వాదన ఒకటుంది: నియమావళి కేసు నడుస్తుండగా కొత్త ఒప్పందం వద్దని ఈ ఏప్రిల్‌లో కోర్టే అంది. నిజమే. ఏప్రిల్ తర్వాతి ఆలస్యానికి కోత పెట్టను. 2022 సెప్టెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా ఉన్న కాలానికి కోర్టు అడ్డం రాలేదుగా! 2047 కల్లా ఆసియాలో మేటి కావాలని 2023 జనవరిలో పెద్ద ప్రణాళిక విడుదల చేసిన ఆఫీసుకి 2025 డిసెంబరు కనబడకపోవడం వింత.

నవంబరు 12

పాస్ మార్కు రాగల పేజీ కూడా రాయాలి. జులై 5న చియాంగ్‌మాయ్‌లో థాయ్‌లాండ్‌ని 2–1తో ఓడించి మన అమ్మాయిలు 2026 మహిళల ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకున్నారు. క్వాలిఫయర్లు గెలిచి వెళ్లడం ఇదే తొలిసారి. అండర్-20 అమ్మాయిలూ ఆసియా కప్‌కి వెళ్తున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య సమాఖ్య ఈ ఏటి ఉత్తమ క్రీడాకారిణి.

ర్యాంకు పడితే అధ్యక్షుడి తప్పు కాదని రాసి, అమ్మాయిలు గెలిస్తే ఆయన ఘనత అనడం కుదరదు. గెలుపు వాళ్లది. శిబిరాలకి, ప్రయాణాలకి డబ్బు ఆపకుండా ఉన్నంత వరకు కుర్చీకి వాటా.

నవంబరు 18

ఢాకాలో బంగ్లాదేశ్ 1–0. ఇరవై రెండేళ్లలో వాళ్ల చేతిలో మనం ఓడింది లేదు. టీ బండి దగ్గర ఈసారి తిట్లు కూడా లేవు. రేపు కోచింగ్‌లో టెస్ట్ సిరీస్ ఉందని తొందరగా లేచారు.

డిసెంబరు 15

మెస్సీ ఢిల్లీలో. శనివారం కలకత్తాలో జనం కుర్చీలు విరిచారు, ఉప్పల్‌లో పండగ చేసుకున్నారు, ఇవాళ అరుణ్ జైట్లీ స్టేడియం. అది ప్రైవేటు కార్యక్రమం, మాకు సంబంధం లేదని సమాఖ్య చెప్పింది. అదీ నిజమే. స్టేడియాలు నిండిన ఈ వారంలోనే దేశంలో పెద్ద లీగ్ లేదు, ఒప్పందం గడువు తీరి వారమైంది. జనం లేక ఆట చచ్చిపోతోందన్న సాకు ఇక చెల్లదు.

ఉప్పల్ ఫొటోలు చూస్తుంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తొచ్చాడు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన కోచ్‌గానే అందరికీ తెలుసు. ఆయన 1943 నుంచి చనిపోయేదాకా, అంటే 1963 దాకా, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కూడా. ఆఫీసు పనీ మైదానం పనీ వేరు కాని మనిషి మనకూ ఉండేవాడు.

జనవరి 6, 2026

క్రీడామంత్రి ప్రకటించారు: ఫిబ్రవరి 14 నుంచి ఐఎస్‌ఎల్, 14 క్లబ్బులు, ఒకరితో ఒకరు ఒక్కసారే, 91 మ్యాచ్‌లు. లీగ్ తేదీ మంత్రి నోట వినాల్సి రావడం కూడా అధ్యక్షుడి జవాబు పత్రంలో భాగమే.

విద్యార్థి మళ్లీ అడిగాడు. ఈసారి వేశాను: పదికి మూడు. "చౌబేని ఫెయిల్ చేశారా సార్?" అన్నాడు. చేశాను. కానీ నా ఫలితానికి విలువ లేదు, అభిమానికి అసలు ఓటే లేదు. 2022లో పేపరు దిద్దినవి రాష్ట్ర సంఘాలు. కొత్త నియమావళి ప్రకారం పదిహేను మంది మేటి మాజీ ఆటగాళ్లకి, అందులో కనీసం ఐదుగురు మహిళలకి, సర్వసభ్య సభలో ఓటు వస్తుంది. అవిశ్వాసం పెట్టి పదవిలో ఉన్నవాళ్లను దించే వీలూ ఉంది. ఎవరు కుర్చీలో కూర్చున్నా, ముందు దిద్దేవాళ్లు మారాలి.

అయినా రాష్ట్ర సంఘాల ఓట్లు ఎక్కడికీ పోవు. ఆంధ్రకొకటి, తెలంగాణకొకటి. సెప్టెంబరులో ఎన్నిక. ఎవరిని బలపరుస్తున్నారో, ఏ పని చూసి బలపరుస్తున్నారో ఓటు వేయకముందే బహిరంగంగా చెప్పమని విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ ఫుట్‌బాల్ ఆడే ప్రతి క్లబ్బూ ఇప్పటి నుంచే ఉత్తరం రాయవచ్చు.