మునగని బెండు

జూన్ 16, తెల్లవారుజాము నాలుగున్నర. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని నార్ఫోక్‌లో, హిక్లింగ్ బ్రాడ్ సరస్సు మీద మంచు పొగలా పరుచుకుని ఉంది. రెల్లు దుబ్బుల పక్కన ఆపిన చిన్న పడవలో ఇద్దరు పెద్దవాళ్లు. ఒకరు నార్విచ్‌లో బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆయన. రెండోవారు కొల్లేటి లంక గ్రామంలో పుట్టి, ముప్పై నాలుగేళ్లు లెక్కల పాఠాలు చెప్పి, భార్య పోయాక కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చిన మాస్టారు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. మాస్టారి కళ్లు నీటి మీద తేలుతున్న బెండు మీదే ఉన్నాయి. అది మునిగితే గాలం లాగాలి. అరవై ఏళ్ల కిందట నాన్న నేర్పిన విద్య అది.

బెండు మునగలేదు. కాస్త పైకి లేచి, నీటి మీద అడ్డంగా పడుకుంది. మాస్టారు చూస్తూ ఊరుకున్నారు. "లాగండి, లాగండి" అని పక్కాయన గొంతు తగ్గించి హెచ్చరించేలోపే చేప ఎర తినేసి వెళ్లిపోయింది.

బ్రీమ్ తీరే అంత. కార్ప్ కుటుంబానికి చెందిన చేప, అంటే మన బొచ్చెకూ శీలావతికీ దూరపు చుట్టం. పళ్లెంలా పలచగా, వెడల్పుగా ఉంటుంది. చిన్నప్పుడు వెండి రంగు, ఎదిగాక కంచు రంగు. ఒళ్లంతా జిగురు. తల కిందికి, తోక పైకి పెట్టి, గొట్టంలా ముందుకు సాగే నోటితో అడుగు బురదలోని పురుగుల్ని జుర్రుకుంటుంది. ఎరను నోట కరుచుకుని మళ్లీ అడ్డంగా సర్దుకునేటప్పుడు దారానికి కట్టిన గుండు నేల మీంచి లేస్తుంది. కిందికి లాగే బరువు తగ్గి బెండు పైకి వస్తుంది. కారణం విన్నాక మాస్టారికి అది బాగా నచ్చింది. లెక్క తప్పలేదు, గుర్తు మారిందంతే.

బ్రిటన్‌లో సాల్మన్, ట్రౌట్ పట్టడం దొరల సరదా. మిగిలిన మంచినీటి చేపల్ని కోర్స్ ఫిష్, అంటే మోటు చేపలు అన్నారు. ఫ్యాక్టరీ కార్మికులు, గని పనివాళ్లు, బస్సు డ్రైవర్లు ఆదివారం పూట వెళ్లి పట్టేవి ఇవే. మోటు అన్నారు కదా అని నియమాలు లేకపోలేదు. గాలానికి లైసెన్సు ఉండాలి. నదుల్లోనూ ఈ బ్రాడ్స్‌లోనూ మార్చి 15 నుంచి జూన్ 15 దాకా, గుడ్లు పెట్టే కాలమని, గాలం వెయ్యనివ్వరు. జూన్ 16 వాళ్లకు పండగ. పక్కాయన వారం ముందు నుంచే రొట్టెపొడి, తీపి మొక్కజొన్న గింజలు, ఎర్రలు సిద్ధం చేసుకున్నారు. బ్రీమ్ మందలుగా తిరుగుతుంది. రొట్టెపొడి ముద్దలు చేసి నీళ్లలో వేస్తూ ఉంటేనే మంద ఒకచోట నిలుస్తుంది. ఇంత చేసి పట్టిన చేపను తూకం వేసి మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. మొదటిసారి విన్నప్పుడు మాస్టారు తనకు ఇంగ్లిష్ సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నారు.

కానీ ఆయన్ని పడవ ఎక్కించింది చేప కాదు, సరస్సు. కొడుకు ఓ ఆదివారం చూపించడానికి తీసుకొచ్చినప్పుడు గట్టున నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. అదే రెల్లు, అదే బురద వాసన, అదే చదునైన ఆకాశం. నీళ్లు చాలా చోట్ల మనిషి ఛాతీ దాటవు. ఇది కూడా మనుషుల చేతిపనే. మధ్యయుగాల్లో వంటచెరకు కోసం పీట్ అనే నల్లమట్టిని తవ్వుకున్న గోతులు, సముద్ర మట్టం పెరిగి నీళ్లు నిండగా ఈ బ్రాడ్స్ అయ్యాయి. జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త 1950లలో ఆ సంగతి నిరూపించేదాకా వాటిని ప్రకృతి సృష్టి అనే అనుకున్నారు.

రెండో చేపను కూడా చేజార్చుకున్నాక పక్కాయన ఫ్లాస్కులో టీ పోశారు. మాట బ్రీమ్ మీది కోపాల మీదికి మళ్లింది. ఈ సరస్సుల్లో నీళ్లు ఒకప్పుడు అద్దంలా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దంలో ఊళ్ల మురుగు, పొలాల ఎరువులు చేరి ఆకుపచ్చగా చిక్కబడ్డాయి. అడుగున మొక్కలు చచ్చిపోయాయి. కాక్‌షూట్ బ్రాడ్‌లో 1980లలో నదికి అడ్డుకట్ట వేసి బురద తోడేశారు. తర్వాత చేపల్నీ తీసేశారు. హోవ్‌టన్ గ్రేట్ బ్రాడ్‌లోనూ అడ్డుగోడలు కట్టి బ్రీమ్‌ను తరలించాలని ప్రణాళిక వేస్తే, అవి గుడ్లు పెట్టే చోటు అదేనని గాలం వేసేవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు.

మాస్టారిలోని ఉపాధ్యాయుడు నిద్ర లేచాడు. శాస్త్రం అదే చెబుతుంది కదా అన్నారు. పెద్ద బ్రీమ్ బురద కెలుకుతుంది. పిల్ల చేపలు డాఫ్నియా అనే సన్నటి నీటి జీవుల్ని తినేస్తాయి. నాచును తిని నీళ్లను శుభ్రం చేసేవి ఆ డాఫ్నియాలే. చేపలు తగ్గితే అవి పెరుగుతాయి, నీళ్లు తేటపడతాయి.

పక్కాయన కోప్పడలేదు. "అదంతా నిజమే కావచ్చు. కానీ మురుగు తెచ్చి వదిలింది బ్రీమ్ కాదు కదా" అన్నారు.

మాస్టారు టీ కప్పు కింద పెట్టారు. ఇలాంటి మాటే 2006లో సొంత తమ్ముడి నోట విన్నారు.

తండ్రి తాటి దోనె మీద వెళ్లి మావులు పెట్టి చేపలు పట్టేవాడు. అన్న చదువుకుని గవర్నమెంటు ఉద్యోగంలో చేరాడు. తమ్ముడు కొల్లేటినే నమ్ముకున్నాడు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు కొల్లేట్లో చేపల చెరువులు ఇచ్చింది. వాటిలో ఒక సంఘంలో తమ్ముడికీ వాటా వచ్చింది. ఆ తర్వాత లీజుల పేరుతో బయటి డబ్బు దిగింది. చెరువుల గట్లు కొల్లేరంతా అల్లుకున్నాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు మొదలైంది. అయిదో కాంటూరు లోపలి గట్లను పొక్లెయిన్లతో కొట్టేశారు.

అంతకు ముందు ఊళ్లో జరిగిన సభలో మాస్టారు లేచి మాట్లాడారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద ఎంత, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోగలిగేది ఎంత, మధ్యలో గట్లు ఎన్ని అడ్డం అని లెక్క కట్టి చెప్పారు. కొల్లేరు బతకాలంటే గట్లు పోవాలన్నారు. అధికారులు చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి తమ్ముడు లేచాడు. "విజయవాడ మురుగు, ఏలూరు మురుగు మేం తెచ్చి పోశామా? నెల నెలా జీతం వచ్చేవాడివి, నువ్వు ఎన్నయినా చెబుతావు" అని బయటికి నడిచాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడలేదు. వదిన పోయినప్పుడు వచ్చాడు. కర్మకాండ అయ్యేదాకా వీధి అరుగు మీద కూర్చుని, భోజనానికి పిలిచేలోపే వెళ్లిపోయాడు.

లెక్క తప్పలేదని మాస్టారు ఇప్పటికీ నమ్ముతారు. గట్లు నీటికి అడ్డమే. కానీ ఆ లెక్కలో ఒక అంకె వెయ్యడం మరిచారు. లీజుకు తీసుకున్నవాళ్లు చెరువు పోతే ఇంకో వ్యాపారం చూసుకున్నారు. తర్వాత కొల్లేట్లో మళ్లీ గట్లు లేచినప్పుడు వాటి వెనకా డబ్బున్నవాళ్లే ఉన్నారు. తమ్ముడు మాత్రం కైకలూరు వైపు వేరెవరి చెరువుకో రాత్రి కాపలాదారయ్యాడు. సరస్సును బాగుచేసే ఖర్చు ఎవరి వాటా నుంచి పోతుందో ఆ సభలో ఎవరూ అడగలేదు. అడగవలసిన లెక్కల మాస్టారు కూడా అడగలేదు.

ఆరు గంటలకు బెండు మళ్లీ లేచి వాలింది. ఈసారి మాస్టారు తడబడలేదు. కర్ర విల్లులా వంగింది. బ్రీమ్ పెద్దగా పెనుగులాడదు. తడి గోనెలా బరువుగా వచ్చింది. పక్కాయన వలబుట్ట కింద పెట్టి లేపారు. చేతులు తడుపుకోమన్నారు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి జిగురు ఊడిపోతుందట, అది లేకపోతే జబ్బులు పట్టుకుంటాయట. ముల్లు లేని గాలపు కొక్కెం తేలిగ్గా ఊడి వచ్చింది. తూకం అయిదున్నర పౌన్లు. నీళ్లలోకి దించి రెండు చేతులతో పట్టుకుంటే కాసేపు కదలకుండా ఉండి, తోక ఒకసారి ఆడించి, కలకలోకి దిగిపోయింది.

చేతుల నిండా జిగురు. మాస్టారు వాటిని ప్యాంటుకే తుడుచుకుని ఫోన్ తీశారు. అక్కడ పదిన్నర దాటి ఉంటుంది. రాత్రి కాపలా చేసినవాడు ఇంటికి వచ్చి పడుకునే వేళ. నెంబరు కొడుకు ఎప్పుడో ఎక్కించి పెట్టాడు. ఎప్పుడూ నొక్కలేదు.

"ఎవరండీ?"

"నేనేరా."

అటునుంచి జవాబు లేదు. పెట్టేయనూ లేదు. క్షమించమని అనాలనే మాస్టారు ఫోన్ చేశారు. ఆ మాట నోటికి రాలేదు.

"ఇక్కడో చేప పట్టాను" అన్నారు.

కొంతసేపయ్యాక, "ఏం చేప?"

"బ్రీమ్ అంటారు. బొచ్చె జాతిదే, పలచగా ఉంటుంది. రెండున్నర కిలోలు తూగింది."

"గాలానికా?"

"గాలానికే. బెండు మునగదురా ఇక్కడ. పైకి లేస్తుంది."

"అదేం చేప! కూరకి బాగుంటుందా?"

"వదిలేశాను. ఇక్కడ అందరూ వదిలేస్తారు."

అటునుంచి దగ్గు వినిపించింది. నవ్వు కూడా కావచ్చు. "వదిలేసేదానికి గాలం ఎందుకన్నయ్యా?"

మాస్టారు దానికి జవాబు వెతుక్కుంటున్నారు. పక్కాయన భుజం తట్టి నీళ్లవైపు చూపించారు. బెండు లేచి, మెల్లగా పక్కకు వాలుతోంది. మాస్టారు చూడలేదు.