ప్రవాళము

పగడమనగా మనకు నగ. మంగళసూత్రమున నల్లపూసల నడుమ గ్రుచ్చుకొను ఎఱ్ఱని పూస. బాల్యమున నాయనగారి యొద్ద అమరము వల్లించునపుడు దానికి విద్రుమము, ప్రవాళము అను పేరులు నేర్చితిమి. ప్రవాళమనగా చిగురనియు నర్థము కలదు. రాతికిని చిగురునకును ఒకే పేరేల యని అడిగితిమి. రెండును ఎఱ్ఱనివి గదా యని వారనిరి. అంతతో ఊరకుంటిమి.

గడచిన సంక్రాంతి సెలవులలో మావారితోను పిల్లలతోను అండమానులోని శ్రీ విజయపురమునకు పోయితిమి. 2024 వఱకు దానిపేరు పోర్టుబ్లెయిరు. అచ్చటికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున వండూరు కలదు. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానమునకు అదియే ద్వారము. రేవున మా సంచులు వెదకి ప్లాస్టికు పొట్లములన్నియు తీయించిరి. పిల్లల తినుబండారములు పోయెనని మేము కొంత విసుగుకొంటిమి. పిమ్మట పడవపై జాలీబాయ్ దీవి చేరితిమి. అచ్చట మనుష్యావాసము లేదు.

ముఖమునకు అద్దపు తొడుగు, నోట ఊపిరిగొట్టము, చేత పట్టుకొనుటకు తేలెడి చక్రము ఇచ్చిరి. ముక్కుతో గాక నోటితోనే ఊపిరి పీల్చవలెను. ప్రాణాయామ మెఱిగినవారము గదా యను మా గర్వము తల ముంచగనే అణగినది. అయినను క్రింద కనబడిన లోకము భయమును మఱపించెను. జింకకొమ్ములవలె చీలినవి, గుండ్రని గుండ్లవలె కూర్చున్నవి, బల్లలవలె పఱచుకొన్నవి ఎన్నియో పగడములు! చిలుకచేప యొకటి పగడపురాతిని కొఱుకు చప్పుడు సైతము వినబడెను.

ఇంతలో గొట్టములోనికి ఉప్పునీరు వచ్చినది. ఉక్కిరిబిక్కిరియై, నిలుచుటకు చోటు దొరకునేమో యని క్రింది గుండుపైకి కాలు చాచితిమి. వెంటనున్న కుఱ్ఱవాడు చక్రమును చటుక్కున ప్రక్కకు లాగెను. మా తల పైకి రాగానే, "కాలెట్టకండమ్మా! అది రాయి కాదు, పేణమున్నది" అనెను. వాని తాతలు శ్రీకాకుళమునుండి వచ్చి అచ్చట స్థిరపడినవారట.

పడవలో కూర్చుండి ఆ మాట విచారించితిమి. ఆ గుండు వేలకొలది సూక్ష్మజీవులు సున్నముతో కట్టుకొనిన ఇల్లు. అట్టి గుండు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుటయే గొప్ప. ఆ జీవుల యొడలిలో నివసించు నాచు వెలుతురుతో ఆహారము వండి వానికి పెట్టును. రంగు నిచ్చునదియు నదియే. సముద్రము కొన్ని వారములపాటు వాడుకకంటె ఒక డిగ్రీ వేడెక్కినను ఆ నాచు వెడలిపోవును, పగడము తెల్లబాఱును. అది తిరిగి రానిచో ఆకటితో చచ్చును. 2010లో అండమాను పగడములకు ఇట్టి యాపద విరివిగా సంభవించినది. ఇంత కష్టములోనున్న దానిపై మా మడమ కూడ మోపబోతిమి గదా యని సిగ్గుపడితిమి. పొట్లములకై విసుగుకొనినందులకును సిగ్గు కలిగెను.

అచ్చటికి పోవు సోదరీమణులారా! మొదట ఒడ్డుచెంత ఇసుకనేలపై గొట్టముతో ఊపిరి పీల్చుట అభ్యసింపుడు. భయము వేసినపుడు కాలు దింపక, చక్రము పట్టుకొని తల పైకెత్తుడు.

మా మెడలోని పగడము ఆ దీవులది కాదు. ఎఱ్ఱపగడము పూర్వమునుండియు మధ్యధరాసముద్రమునుండి మనకు వచ్చుచున్నది. అయినను అదియు జీవులు కట్టినదే. దానిని తీసివేయలేదు, అది అత్తగారు ఇచ్చినది. మా అమ్మాయి పెండ్లికి మాత్రము క్రొత్తవి కొనము, ఇవియే యిత్తుము. మొన్న అమరము చదువుచు ఆమెయు మా పాతప్రశ్నయే వేసినది. రెండును పెరుగునవే తల్లీ యని చెప్పితిమి.