నీటి ఊటయొద్దకు



మీ సంఘములో పసుపు, గోధుమ రంగు మచ్చలుగల పండ్లతో నవ్వు పిల్లలున్నారా? ఉన్నయెడల, నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఈ మాటలు వ్రాయుచున్నాను.

ఆత్మకూరు నుండి ఉదయగిరి పోవు దారిలో ఒక పల్లెసంఘమునకు నేను కొన్ని సంవత్సరములు కాపరిగా నుంటిని. ఆదివారపు బడిలో పిల్లల పండ్లు చూచి, "పొద్దున్నే పండ్లు తోముకోరా? మందిరానికి ఇట్లాగేనా వచ్చేది?" అని గద్దించెడివాడను. వారు నోటికి చెయ్యి అడ్డము పెట్టుకొని పాట పాడెడివారు. అదే సంఘములో ఒక పెద్దమ్మ నడుము వంగి, మెడ త్రిప్పలేక మంచము పట్టియుండెను. నేను ఆమె ప్రక్కన కూర్చుండి యోబు చరిత్ర చదివి, ఓర్చుకొనుమని చెప్పి వచ్చెడివాడను. ఇరుగుపొరుగువారు, "వాళ్ల పెద్దలు చేసిన పాపం" అనుకొనెడివారు. ఆ మాట నేను ఒప్పుకొనలేదు గాని, మరి కారణమేమని అడుగనూ లేదు.

ఆ దినములలో మందిరపు ఆవరణలో బోరు వేయించితిమి. కూలి చేసికొను కుటుంబములు రూపాయి రూపాయి కూడబెట్టి ఇచ్చిరి. నీరు పడిన సాయంకాలము అందరము నిలిచి ప్రభువును స్తుతించితిమి. నీరు తేటగా, రుచిగా నుండెను. అప్పుడు నర్సు చదువు చదువుచు సెలవులకు వచ్చిన ఒక అమ్మాయి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, తాగేముందు ఈ నీళ్లు పరీక్ష చేయిస్తే మంచిది గదా?" అనెను. నాకు కోపము వచ్చెను. "దేవుడిచ్చిన నీళ్లకు పరీక్ష ఏంటమ్మా?" అంటిని. ఆమె తల వంచుకొని, "ఇచ్చింది దేవుడే అయ్యగారూ. బండలో ఏం కలిసిందో చూద్దామంటున్నా" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో ఒక్క వాక్యమునకు అర్థము తెలిసికొనుటకు నాలుగు గ్రంథములు తిరుగవేయుట నేర్చుకొన్నవాడను, నా జనులు త్రాగు నీటినిగూర్చి ఒక్క ప్రశ్నను ఓర్చుకొనలేకపోతిని. బెరయవారు సాక్షాత్తు పౌలు బోధనే ప్రతిదినము లేఖనములతో పోల్చి చూచిరి. లూకా వారిని ఘనులని వ్రాసెను గాని అవిశ్వాసులని వ్రాయలేదు. ఉదయమున నేనే ఆ అమ్మాయి ఇంటికి పోయితిని.

గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ప్రయోగశాలకు నీరు పంపితిమి. త్రాగు నీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకొందురు. మా బోరు నీరు ఆ హద్దును దాటియుండెను. ఫ్లోరైడు కొన్ని రాళ్లనుండి భూగర్భ జలములో కరగును. దానికి రంగు లేదు, వాసన లేదు. చిన్నతనములో ఆ నీరు త్రాగిన పిల్లల పండ్లపై మచ్చలు పడును. ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు, కీళ్లు బిగిసిపోవును. "కాచి తాగితే చాలదా?" అని కొందరడిగిరి. చాలదు. కాచినప్పుడు నీరు ఆవిరియై పోవును గాని ఫ్లోరైడు పోదు.

ఇది క్రొత్త సంగతియు కాదు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనువారు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధినిగూర్చి 1937లోనే ప్రకటించిరి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు కనిగిరి, పొదిలి ప్రాంతములును మన జిల్లాలోనివే. మన జిల్లా పేరుతోనే వ్రాయబడిన సంగతి, మన జిల్లాలో పుట్టి పెరిగిన నాకు తెలియకపోయెను.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము ఎవరిదని ప్రభువును అడిగిరి. వీనిదీ కాదు, వీని తలిదండ్రులదీ కాదని ఆయన చెప్పి, వానికి చూపునిచ్చెను. నేనో, పిల్లలను నిందించితిని. పెద్దమ్మకు ఓర్పు బోధించి, ఆ నీరే త్రాగనిచ్చితిని. మరుసటి ఆదివారము పిల్లలయెదుట నిలిచి, "తప్పు మీది కాదు, నాది" అని చెప్పితిని.

తరువాత గ్రామసభ జరిగెను. ప్రభుత్వపు క్రొత్త బోరు పాలెములో వేయవలెనని మావారు, ఊరిలో వేయవలెనని ఊరివారు వాదించిరి. ఆ అమ్మాయి లేచి, "ముందు ఎక్కడి నీళ్లు మంచివో చూసి, తర్వాత మాట్లాడుకుందాం" అనెను. కొందరు నవ్విరి. అయినను అయిదు చోట్ల నీరు పట్టి పంపిరి. మా పాలెపు బోరును, ఊరి బడి బోరును హద్దు దాటినవే. చెరువుకట్ట క్రింది పాత బావి నీరు మాత్రము హద్దులోపల నుండెను. ఆ బావిలో చేద వేయుటకు మా తాతలకు అనుమతి లేకుండెను. కాగితము చదివినప్పుడు సభ చాలసేపు మౌనముగా నుండెను. అప్పుడు ఊరి తల్లి ఒకామె, "మా పిల్లోడి పళ్లు కూడా అట్లాగే ఉండాయి" అనెను. ఆ మాటతో వాదము ఆగెను. క్రొత్త బోరు మాని, పాత బావికి పూడిక తీయించి, క్లోరిన్ కలిపి, రెండు వైపులకు గొట్టములు వేయించిరి.

పెద్దమ్మ నడుము మరల నిలువలేదు. బిగిసిన ఎముకలను తిరిగి వంచు మందు లేదు. ఆలస్యముగా అడిగిన ప్రశ్నకు వెల ఇట్లుండును.

యెరికో పట్టణస్థులు నీరు చెడ్డదని ఎలీషాతో దాచక చెప్పిరి. ఆయన నీటి ఊటయొద్దకే పోయెను. మనకును అదే మార్గము. ఇంట జ్వరము వచ్చినను, ఫోనులో ఒక వార్త వచ్చినను, ఓటు అడుగువాడు వచ్చినను, మొదట ఊటయొద్దకు పోవుదము. ఇది నిజమని ఎట్లు తెలిసినది? వేరొక కారణముండవచ్చునా? పరీక్షించి చూచు మార్గమేది? ఈ ప్రశ్నలు విశ్వాసమునకు శత్రువులు కావు. సత్యమైనది పరీక్షకు నిలుచును.

ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట శుభ్రమైన ప్లాస్టిక్ సీసా ఒకటి తీసికొని, మీ బోరు నీటితోనే మూడు సారులు కడిగి, నింపి, ఊరి పేరు, తేదీ వ్రాసి పరీక్షకు పంపుడి. ఫలితము వచ్చువరకు ఏ పిల్లవానిని పండ్లనుగూర్చి గద్దింపకుడి.