తామర తొట్టిలో నేను చేసిన పొరపాటు

పెరట్లో ఓ తామర తొట్టి ఉంటే ఎంత బాగుంటుందో అని మీకూ అనిపిస్తుంది కదండీ! నేనూ అలాగే సరదాపడి, సిమెంటు తొట్టిలో బురద పోసి, నీళ్లు నింపి తామర దుంప పాతాను. పూలు బాగానే పూసేవి. ఒకరోజు ఎండుటాకులు తీస్తుంటే అడుగున బురద రంగులో, ఆరు కాళ్లతో, పెద్ద పెద్ద కళ్లతో నాలుగైదు పురుగులు కనబడ్డాయి. ఒళ్లు జలదరించింది. ఇవే దోమలవుతాయి కాబోలనుకుని, ముందూ వెనకా చూడకుండా గ్లాసెడు ఫినాయిలు పోసేశాను. పురుగులు చచ్చాయి, తామరా మాడిపోయింది. తొట్టి కడిగి, మళ్లీ నీళ్లు నింపి, కొత్త దుంప పెట్టాను. ఇల్లు శుభ్రం చేశానని మావారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా!

రెండు వారాలు తిరక్కుండానే తొట్టి నిండా మెలికలు తిరుగుతూ ఈదే దోమ పిల్లలు! ఆ వానాకాలంలోనే మా చిన్నమ్మాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. కుట్టిన దోమ నా తొట్టిలోదేనని ఎవరూ చెప్పలేరు. కాదని నేనూ చెప్పుకోలేను.

పిల్లని చూడ్డానికి వచ్చిన మా ఆడపడుచు కొడుకు జువాలజీ చదువుతున్నాడు. నా కథ విని, "అయ్యో అత్తా! నువ్వు చంపింది దోమల్ని కాదు, దోమల్ని తినేవాటిని. అవి తూనీగ పిల్లలు" అన్నాడు.

చిన్నప్పుడు తూనీగ తోకకి దారం కట్టి ఎగరేసిన దాన్నే గానీ, అది నీళ్లలో పుట్టి పెరుగుతుందని నాకు తెలియదండీ. తల్లి తోక ముంచి నీళ్లలో గుడ్లు పెడుతుందట. పిల్లకి కింది పెదవే చెయ్యి. మడిచి ఉంచుకుని, దోమ పిల్ల దగ్గరికి రాగానే చటుక్కున చాచి పట్టేస్తుంది. పెరిగాక కాడ పట్టుకుని పైకి పాకి, వీపు పగిలి, రెక్కలతో బయటికొస్తుంది. గాల్లోనూ దోమల్ని వేటాడుతుంది.

మన దేశంలో తూనీగ జాతులు దాదాపు 500 ఉన్నాయట. ప్రపంచమంతా చూస్తే, 6,016 రకాల్లో 16 శాతం అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని 2021లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క తేల్చింది. చెరువులు, చిత్తడి నేలలు పాడవడమే ముఖ్య కారణం.

అందుకని మీకో మాట. డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు వారానికోసారి ఒంపేసి, గోడలు బాగా రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి. తాగే నీళ్లకి మూత తప్పనిసరి. తామర తొట్టిలోగానీ, ఊరి చెరువులోగానీ ఫినాయిలు, పురుగుమందు మాత్రం పోయకండి. మెలికల పురుగులు కనిపిస్తే వలగుడ్డతో వడకట్టండి. ఆరు కాళ్లవాటిని వదిలేయండి.

మొన్న తెల్లవారుజామున తామర కాడకి ఖాళీ పొట్టు ఒకటి అంటుకుని కనబడింది. చిన్నమ్మాయిని లేపి చూపించాను. పక్కనే ఆకు మీద తడి రెక్కలు ఆరబెట్టుకుంటూ తూనీగ! అది ఎగిరేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. పొయ్యి మీద పాలు పొంగిపోయాయనుకోండి!